పందులు దున్నిన పది గుంటలు

హైదరాబాదు,
జూలై 20.

ప్రియమైన రాఘవా,

పందులు తవ్వి శుభ్రం చేసిన మడి ఖాళీగా ఉందనీ, వానలు తగ్గాక అందులో కూరగాయలు పెడతాననీ రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి నా మనసు నిలవడం లేదు. అంతదాకా ఆగవద్దు, ఈ వారంలోనే ఏదో ఒక పచ్చిరొట్ట, అంటే పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే పైరు, విత్తనం చల్లు.

నిరుడు నేను ఆగి నష్టపోయాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇబ్రహీంపట్నం దగ్గరి మా చెల్కలో పది గుంటలకు, అంటే పావు ఎకరానికి, కంచె కట్టి ఆరు పందులను వదిలితే, ఎన్నిసార్లు దున్నినా చావని తుంగ గడ్డలను అవి ముట్టెతో పెళ్లగించి కరకర నమిలేశాయి. పని అయిపోయిందనుకుని నేలను అలాగే వదిలేశాను. రెండు పెద్ద వానలు పడేసరికి, పట్టి ఉంచే వేరు లేని ఎర్రమట్టి, దానితోపాటు పందుల పెంటలోని సారం గట్టు దాటి కొట్టుకుపోయాయి. మిగిలిన పైపొర బిళ్లకట్టింది, పందులకు అందని గడ్డల నుంచి తుంగ మళ్లీ లేచింది, పక్కనే వయ్యారిభామ కూడా మొలిచింది.

ఈసారి పందులను పక్క మడికి మళ్లించిన మర్నాడే జనుము చల్లాను. ఎకరానికి పదిహేను కిలోల లెక్కన నాలుగు కిలోలు సరిపోయేవి. అయితే తుంగ నీడకు ఓర్వదు కనుక, పైరు ఒత్తుగా రావాలని ఆరు కిలోలు చల్లాను. నేలంతా గుంతలుగా ఉండి గుంటక నడవలేదు. అందుకని తుమ్మకంప ఒకటి కొట్టి ఇద్దరం అటూ ఇటూ లాగితే విత్తనం మట్టిలో కలిసింది. పందులు పొర్లిన పల్లంలో నీరు నిలిచి జనుము కుళ్లుతుంది కాబట్టి అక్కడ మాత్రం జీలుగ వేశాను. నీది నల్లరేగడి, పైగా తడిలో పందులు తొక్కిన నేల. నువ్వు జీలుగ పాలే ఎక్కువ ఉంచు.

నిన్న ఒక జనుము మొక్కను పీకి చూశాను. వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు ఉన్నాయి, ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల లేత ఎరుపు కనిపించింది. గాలిలోని నత్రజనిని పట్టే పని సాగుతున్నదనడానికి అదే గుర్తు, ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. పందులు ఎక్కువగా పెంట వేసిన మూలన మాత్రం మొక్క నడుమెత్తు పెరిగినా బుడిపెలు బాగా తక్కువ. నేలలోనే నత్రజని దండిగా దొరికితే ఈ మొక్క గాలిలోని దానికోసం పాటుపడదు. అలాంటి మూలన పశువుల జొన్న కలిపి చల్లితే, ఆ సారం వానకు కొట్టుకుపోకుండా అది పీల్చి దాచుతుంది. ఈ సంగతి ముందే తట్టి ఉంటే బాగుండేది.

పూత మొదలు కాగానే, అంటే 45, 50 రోజులకు, నేలలో కలియదున్ను. ఆలస్యమైతే జనుము నార ముదిరి త్వరగా మురగదు. ఆ తర్వాత రెండు మూడు వారాలు ఆగి బీర, సొర పందిరికి పాకించు. ముల్లంగి, కొత్తిమీర వంటి పచ్చిగా తినేవి ఈ ఏడు ఆ మడిలో పెట్టవద్దు, పంది పెంటతో వచ్చే ఏలికపాము గుడ్లు నేలలో చాలాకాలం బతికి ఉంటాయి. రెండో మడి సెప్టెంబరు దాకా ఖాళీ కాదంటావేమో, అప్పుడు ఉలవలు చల్లు. ఇక్కడి సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (CRIDA) శాస్త్రవేత్తలు వానాకాలం చివరి తేమతో ఉలవను పెంచి నేలలో కలిపే పద్ధతిని హయత్‌నగర్ క్షేత్రంలో ఏళ్ల తరబడి పరీక్షించారు.

నా దగ్గర జీలుగ మూడు కిలోలు మిగిలింది. శనివారం నేనే తెచ్చి ఇస్తాను. కంప ఒకటి కొట్టి ఉంచు, ఇద్దరం కలిసి లాగుదాం.

నీ
శ్రీను