అమ్మానాన్నల అమెరికా ట్రిప్పులో బొమ్మలకీ ఒక పూట

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవిలో పిల్లల దగ్గరికొచ్చే తల్లిదండ్రుల కోసం మీ ఎన్నారై పేజీలో వేసిన చూడాల్సిన చోట్ల జాబితా చదివాను. నయాగరా, లిబర్టీ విగ్రహం, వైట్‌హౌస్, వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంటు భవనమైన క్యాపిటల్ అన్నీ ఉన్నాయి. ఆ క్యాపిటల్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్న నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ అనే చిత్రాల మ్యూజియం మాత్రం లేదు. అక్కడ టికెట్ అక్కర్లేదు, లోపల చల్లగా ఉంటుంది, బెంచీలున్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అదే పెద్ద సుఖం.

పోయిన జూలైలో మా అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాను. నాన్నగారు కాజీపేటలో బొగ్గు ఇంజన్ల కాలం నుంచి పనిచేసిన మనిషి. గదులన్నీ గబగబా దాటుకుంటూ వచ్చి, అమెరికన్ ప్రకృతి చిత్రకారుడు జార్జ్ ఇనెస్ 1856 ప్రాంతంలో వేసిన 'లాకవానా లోయ' బొమ్మ ముందు ఆగిపోయారు. దూరం నుంచి చూస్తే పచ్చిక, వాలు మీద చేరబడిన గడ్డిటోపీ కుర్రాడు, పొగ వదులుతూ వంపు తిరిగి వస్తున్న రైలు. దగ్గరికెళ్తే కుర్రాడి ముందంతా నరికేసిన చెట్ల మొదళ్ళే. నాన్నగారు వెనకున్న గుండ్రటి కట్టడం చూపించి, "అది లోకో షెడ్ రా" అన్నారు. కాసేపాగి, "ఇన్ని చెట్లూ పట్టాల కింద వేసే స్లీపర్లకే కొట్టారంటావా?" అనడిగారు. నేనేం చెప్పలేకపోయాను.

ఆ బొమ్మ వేయించింది రైల్వే కంపెనీయే. ఇచ్చింది 75 డాలర్లు. అది రైలుకి పొగడ్తా, పోయిన అడవికి బాధా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. డబ్బిచ్చినవాళ్ళ రైలుని వెనక్కి జరిపి, మొదళ్ళని ముందు పెట్టి అంత ఓపిగ్గా గీసినవాడికి అవి గుచ్చుకున్నాయనే నాకనిపిస్తుంది. దశాబ్దాల తర్వాత అదే బొమ్మ మెక్సికో సిటీలో ఒక పాత సామాన్ల కొట్లో ఇనెస్ కంటికే పడిందట.

ఇనెస్ చివరి రోజుల్లో కాపురమున్నది మా న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్‌లో. 1885లో అక్కడ స్థిరపడ్డాడు, 1894లో పోయాడు. అక్కడి మ్యూజియంలో ఆయన బొమ్మలకే ఒక గది ఉంది. మంచు పట్టిన చెట్లు, సందె వెలుగు. ఆ గదిలో అమ్మ ఒకటే మాటంది: "పశువులు ఇంటికొచ్చే వేళ ఇలాగే ఉండేది." పల్లెలో పెరిగినవాళ్ళకి ఈ బొమ్మలు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

దయచేసి వచ్చే వేసవి జాబితాలో ఈ రెండు చోట్లూ చేర్చండి. బస్సులు వేసి పెద్దవాళ్ళని తిప్పే తెలుగు సంఘాల వారు కూడా వాషింగ్టన్‌లో ఒక పూట గ్యాలరీకి కేటాయించాలని మనవి.

ఒక పాఠకుడు,
ఎడిసన్, న్యూజెర్సీ