సీనియర్ల జోడీ గోల్ఫ్ మీకు కనిపించదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

గోల్ఫ్ అంటే మీ స్పోర్ట్స్ పేజీకి ప్రొఫెషనల్ టూర్లు, ప్రైజ్ మనీ తప్ప ఇంకేమీ కనిపించవా? 55 దాటిన అమెచ్యూర్లు ఇద్దరిద్దరుగా జట్టుకట్టి ఆడే ఫోర్‌బాల్ పోటీల గురించి ఒక్క ముక్క రాయరు. అమెరికాలో అక్కడి గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ సీనియర్ అమెచ్యూర్ టోర్నీని 1955లోనే మొదలుపెట్టింది, అమెచ్యూర్ ఫోర్‌బాల్ 2015లో వచ్చింది. అక్కడి రాష్ట్ర సంఘాలు చాలావరకు సీనియర్లకి విడిగా జోడీ టోర్నీలు కూడా పెడుతున్నాయి.

ఆట చూస్తే అసలు మజా తెలుస్తుంది. ఎవరి బంతి వాళ్లదే, కానీ హోల్‌కి ఇద్దరిలో తక్కువ స్కోరే లెక్కలోకి వస్తుంది. ఒకరి బంతి బంకర్‌లో (ఇసుక గుంటలో) కూరుకుపోయిందనుకోండి, రెండోవాళ్లు పార్ (ఆ హోల్‌కి నిర్ణయించిన దెబ్బల లెక్క) చేసి గట్టెక్కిస్తారు, అదే పార్ ముందే చేతిలో పడితే మిగిలినవాళ్లు టెన్షన్ లేకుండా బర్డీ (పార్ కంటే ఒక దెబ్బ తక్కువ) కోసం పుట్‌ని (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బని) గట్టిగా కొట్టేస్తారు. ముందు ఎవరు ఆడాలో కూడా జోడీ ఇష్టమే, కాబట్టి రెండడుగుల పుట్ ఉన్నవాళ్లు ముందు కొట్టేసి భాగస్వామికి ధైర్యం ఇవ్వొచ్చు. ఇంకో మంచి రూల్, ఒకరు రాలేకపోయినా రెండోవాళ్లు ఒక్కరే జట్టు తరఫున ఆడొచ్చు. నడుం పట్టేసే వయసులో ఇంతకంటే ఏం కావాలి! డ్రైవ్ (హోల్ మొదట్లో కొట్టే పొడవాటి దెబ్బ) దూరం తగ్గుతుంది, నిజమే, పుట్టింగ్‌కి వయసుతో పనేంటి?

గెలిచిన జోడీ పేర్లు, స్కోరు వేసి ఊరుకోకుండా చివరి మూడు హోల్స్ ఎలా సాగాయో కూడా రాయించండి, చదివేవాళ్లున్నారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు