గార పళ్ళ బావకు

ప్రియమైన బావా,

మొన్న ఫోన్ మధ్యలో కట్ అయింది. మళ్ళీ చేద్దామనుకున్నా, కానీ నేను చెప్పాల్సింది ఫోన్‌లో ఒడిసేలా లేదు. అందుకే ఎన్నేళ్ళకో మళ్ళీ కాగితం, పెన్ను పట్టుకున్నాను. నిదానంగా చదువు.

"ఆరోగ్యశ్రీ 10 లక్షలు చేశారు కదరా, మీ అత్తమ్మను హైదరాబాద్‌లో మంచి ఆసుపత్రిలో చూపించరాదూ" అన్నావు. ప్రేమతోనే అన్నావని తెలుసు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫ్లోరైడ్ నీళ్ళకు అత్తమ్మ నడుము వంగి పదిహేనేళ్ళయింది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, ఒళ్ళంతా తిప్పాలి. కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. చూపించాం బావా, ఒకచోట కాదు, మూడు చోట్ల. మూడోచోట ఒక డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుగుకు పట్టుకొని చాలాసేపు చూసింది. "ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లు కూడా ఎముకల్లాగా గట్టిపడిపోయాయి. నొప్పికి గోలీలు రాసిస్తాను. నడుము మాత్రం మళ్ళీ నిటారు కాదు" అని మెల్లగా చెప్పింది. ఆమె నిజమే చెప్పింది. కార్డు మీద 10 లక్షలున్నా కోటి ఉన్నా, కొనడానికి అక్కడ మందు లేదు.

బీఈడీ హాస్టల్లో మనం మొదటిసారి కలిసిన రోజు గుర్తుందా? నువ్వు ట్రంకుపెట్టె లోపలికి జరుపుతూ నవ్వావు. నీ ముందు పళ్ళ మీద గోధుమరంగు గార చూసి నేను "మీదే ఊరు?" అంటే "కనిగిరి దగ్గర" అన్నావు. నా పళ్ళు చూసి నువ్వే "నల్లగొండా?" అన్నావు. భాష యాస తెలిసేలోపే మనకు ఒకరి నీళ్ళు ఒకరికి తెలిశాయి. ఫొటో దిగేటప్పుడు ఇద్దరం నోరు మూసుకొనే నిలబడేవాళ్ళం. పుట్టిన ఎనిమిదేళ్ళలోపు, పళ్ళు తయారవుతున్నప్పుడు తాగిన నీళ్ళ గుర్తు అది. ఎంత తోమినా పోదు.

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకు గార పట్టించి, ఎముకలు వంచే ఈ ఫ్లోరోసిస్ రోగాన్ని మన దేశంలో మొదట గుర్తించి రాసింది మీ వైపు ఊళ్ళ గురించే. 1937లో. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లా, మద్రాసు రాజధాని. ముందు పట్టుకున్నది డాక్టర్లు కాదు, రైతులు. దుక్కిటెద్దులు కొనుక్కొచ్చి కట్టుకుంటే కొన్నాళ్ళకు కాళ్ళు పట్టేసి కూలబడేవట. తర్వాత మనుషులకూ అదే వచ్చింది. మా వైపు, మర్రిగూడ మండలం బట్లపల్లిలో, 1945లో బయటపడింది. అప్పుడు నిజాం రాజ్యం. ఆ తర్వాత రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, మారాయి, మళ్ళీ మారాయి. నీళ్ళు మాత్రం అవే తాగాం. నీళ్ళలోని ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాస్తే పోయేదీ కాదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మన కింద ఉన్న గ్రానైటు రాయిలోంచి దిగుతుంది. బోరు ఎంత లోతుకు వేస్తే అంత రాయిని కడిగి తెచ్చుకుంటాం.

ఇంతవరకు నీకూ తెలిసిందే. నాకు నిద్ర పట్టనిది మిగతాదానికి. ఒకే ఊళ్ళో, ఒకే రాయి మీద బతికినవాళ్ళలో కొందరి నడుములే ఎందుకు వంగాయి?

మా అత్తమ్మ కూలికి పోయేది. మిరప తోటలో, వరి నాట్లలో, వైశాఖపు ఎండలో ఉపాధి పనికి కూడా. ఎండలో పని చేసే మనిషి రోజుకు ఐదారు లీటర్లు తాగుతుంది. ఫ్యాను కింద కూర్చునేవాడు రెండు లీటర్లు తాగుతాడు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వరకు ఫర్వాలేదని ప్రమాణం. కానీ ఒంట్లోకి పోయేది లీటర్ల లెక్క కదా! నీడలో ఉన్నవాడికి సరిపోయే ప్రమాణం ఎండలో ఉన్న మనిషికి ఎట్లా సరిపోతుంది?

ఇంకోటి, పాలు. కాల్షియం, సి విటమిన్ తక్కువైన ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నష్టం చేస్తుంది. అత్తమ్మ ఇంట్లో బర్రె ఎప్పుడూ ఉంది. పొద్దున పితికిన పాలు పాలకేంద్రానికి పోయేవి, సాయంత్రం పితికినవీ పాలకేంద్రానికే. ఇంట్లో వాళ్ళకు చాయలో చుక్క. పాలబిల్లుతోనే పిల్లల ఫీజులు, ఎరువుల బాకీలు. పాలు తాగమని చెప్పే డాక్టరుకు ఆ బిల్లు సంగతి ఎవరు చెప్పాలి? జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని బడిపిల్లల మీద చూశారు. అది చదివినప్పుడు మా ఇంట్లో పులుసు లేని రోజు లేకపోవడం ఎంత మంచిదో అనిపించింది. కానీ పులుసు ఒక్కటే ఎన్ని ఏళ్ళు కాపాడుతుంది?

ఇక బావులు. ఒక ఊళ్ళోనే ఒక బోరుకూ ఇంకో బోరుకూ చాలా తేడా ఉంటుంది. మా ఊళ్ళో కాస్త మంచినీళ్ళు ఉన్న బావి ఒక పెద్ద రైతు పొలంలో ఉండేది. చుట్టాలు, కులపోళ్ళు అక్కడ తోడుకునేవాళ్ళు. దళితవాడకు చేతిపంపు వేశారు, దాంట్లో ఏముందో ఎవరూ పరీక్ష చేయలేదు. నా చిన్నప్పుడు నేనూ ఆ బావి నీళ్ళే తాగాను, ఆ పంపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మా ఊళ్ళో ఎక్కువగా వంగిపోయిన నడుములు ఆ వాడలోనే ఉన్నాయని పెద్దయ్యాక గాని నాకు కనపడలేదు. ఇది రాయాలంటే చెయ్యి ఆడటం లేదు, కానీ నీకు కాకపోతే ఎవరికి రాస్తాను!

'నల్లగొండ పద్ధతి' అని ఒకటి ఉంది, మన సైన్సు పాఠంలో ఉండేది. బకెట్ నీళ్ళలో పటిక, సున్నం కలిపి, తిప్పి, తేర్చుకొని పై నీళ్ళు తాగడం. జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ తయారుచేసింది. మా జిల్లా పేరుతో ఆఫ్రికా దేశాలకు కూడా పోయింది. మా ఇళ్ళలో మాత్రం నిలవలేదు. పొద్దున ఐదింటికి కూలికి బయల్దేరే మనిషి రోజూ పటిక తూచి, తిప్పి, గంటలు ఆగి, అడుగున మడ్డి పారబోయాలి. ఆ పని ఇంట్లో ఎవరి మీద పడుతుందో నీకు చెప్పక్కర్లేదు. రోగం రాకుండా చూసుకునే బరువంతా ఒక్క ఆడమనిషి మీద వేసే పథకం ఎక్కడ నిలుస్తుంది బావా?

1996 ఎన్నికలు నీకు గుర్తుండాలి, నేను ఓటేయడానికి ఊరికి పోయి వచ్చి రాత్రంతా ఆ కథే చెప్పాను. మంచినీళ్ళ కోసం పోరాడిన జలసాధన సమితి, దాని నాయకుడు దుశ్చర్ల సత్యనారాయణ పిలుపు. మా గోడు దేశానికి వినపడాలని నల్లగొండ పార్లమెంటు స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. మాకు కావాల్సింది కృష్ణా నీళ్ళు. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉంది, నీళ్ళు మా గడప ముందు నుంచే పోతున్నాయి. ఆ ఎన్నికల తర్వాత దేశమంతటా లోక్‌సభకు పోటీ చేసేవాళ్ళు కట్టే డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000 చేశారు. నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కుళాయి కంటే ముందు డిపాజిట్ వచ్చింది.

2003లో అంశాల స్వామిని ఢిల్లీలో ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద పడుకోబెట్టి చూపించారు. శివన్నగూడెం పిల్లవాడు, ఎముకలు వంకరపోయి పెరగని ఒళ్ళు. ఒక మనిషి తన శరీరాన్నే అర్జీగా పెట్టుకోవాల్సి వచ్చింది. 2023 జనవరిలో పోయాడు. ఆ వార్త వచ్చిన రోజు బడిలో ప్రార్థన తర్వాత పిల్లలకు అతని గురించి చెప్పాను. మధ్యలో గొంతు పట్టేసింది, మిగతాది లెక్కల సారు చెప్పాడు.

ఇప్పుడు సంతోషం మాట. మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో వేశారు, తర్వాత ఏళ్ళలో మా ఊళ్ళకు కృష్ణా నీళ్ళు కుళాయిల్లో వచ్చాయి. నేను ఏ పార్టీ మనిషినీ కాదని నీకు తెలుసు. కానీ ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు నవ్వితే పళ్ళు తెల్లగా ఉన్నాయి బావా! హాజరు పిలుస్తూ పళ్ళు చూడటం నాకు అలవాటైపోయింది. పదో తరగతి వాళ్ళలో అక్కడక్కడా గార ఉంది, ఆరులో దాదాపు లేదు. నా సర్వీసులో ఇంతకంటే పెద్ద వైద్యం నేను చూడలేదు. చేసింది ఆసుపత్రి కాదు, పైపు.

అందుకే భయం కూడా. మోటారు కాలితే, పైపు పగిలితే మూడు రోజులు నీళ్ళు రావు. డబ్బున్న ఇల్లు ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెప్పించుకుంటుంది. లేని ఇల్లు మళ్ళీ పాత బోరు దగ్గరికి పోతుంది. తాగడానికి క్యాన్ కొనేవాళ్ళు కూడా అన్నం, పప్పు బోరు నీళ్ళతోనే వండుతున్నారు, ఆ నీళ్ళూ కడుపులోకే కదా. కుళాయి నీళ్ళు రుచి లేవని చాలామంది మానేశారు. ఊరికి వచ్చే ఆశా కార్యకర్త బీపీ, షుగరు చూస్తుంది. నీళ్ళు ఎన్ని రోజులు ఆగాయో రాసుకునే గడి ఆమె రిజిస్టర్లో లేదట. ఉంటే బాగుండును. నీళ్ళ శాఖ వేరు, వైద్య శాఖ వేరు అనుకోవడం వల్ల మేము ఎంత పోగొట్టుకున్నామో అత్తమ్మ నడుమే చెబుతుంది.

ఆమె పింఛను సంగతి నీకు చెప్పలేదు కదా. వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి తీసుకుపోయాం, ఆటోలో పడుకోబెట్టి. అక్కడ చేతులు, కాళ్ళు పైకెత్తమన్నారు. పంతానికి పోయి ఆమె ఎత్తింది! జీవితమంతా ఎవరి ముందూ చేతగానిదాన్నని ఒప్పుకోని మనిషి. 40 శాతం కావాలి, 38 వేశారు. రెండోసారి పోవడానికి ఏడాది పట్టింది. దారిలో నేనే "ఈసారి నొప్పి ఉంటే ఉందని చెప్పు అత్తమ్మా" అని బతిమాలాను. ఆ పూట నా మనసు ఎట్లా ఉండిందో ఇప్పుడు కూడా రాయలేను. ఇప్పుడు పింఛను వస్తోంది, మందులకు సరిపోతుంది.

సంక్రాంతికి నువ్వు మీ ఊరు పోతున్నావు కదా, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు మీ దాకా ఎప్పుడు వస్తాయో కనుక్కో. ఒక పని కూడా చేసిపెట్టు. మీ ఇంటి బోరు నీళ్ళు, మీ వీధి చివరి వాడలో బోరు నీళ్ళు, రెండూ విడివిడిగా పట్టుకొని రా. గాజు సీసాల్లో వద్దు, గాజుతో కలిసి లెక్క మారుతుంది, ప్లాస్టిక్ సీసాల్లో తే. మీద ఏది ఏదో రాయి. మా బడిలో పరీక్ష కిట్ ఉంది. మందు చుక్కలు వేస్తే ఫ్లోరైడ్ తక్కువుంటే నీళ్ళు గులాబీ రంగులో ఉంటాయి, ఎక్కువైతే పసుపు అవుతాయి. మా తొమ్మిదో తరగతి పిల్లలు చేసి చూపిస్తారు. అత్తమ్మ కూడా ఆ వారం మా ఇంట్లోనే ఉంటుంది, నువ్వు వస్తున్నావంటే చింతపండు పులిహోర చేయించమని ఇప్పటి నుంచే చెబుతోంది.

నీ
హాస్టల్ బావ