ఇంధన పరిశోధన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి నమస్కారాలు.

బొగ్గు గ్యాసు నుంచి హైడ్రోజన్‌ను వేరుచేసే మా రియాక్టరును పరీక్షించే అవకాశం కోరుతూ పంపిన మూడు వినతిపత్రాలకూ జవాబు రానందున అందరి ఎదుటా రాస్తున్నాను.

బొగ్గును గ్యాసుగా మార్చినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడు నీటి ఆవిరితో కలిసి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. ఈ చర్య మధ్యలో నిలిచిపోకుండా, రియాక్టరులోని పల్లాడియం లోహపు పలుచని పొర (మెంబ్రేన్) హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు బయటికి తీసేస్తుంది. కార్బన్ డయాక్సైడు అధిక పీడనంలోనే మిగులుతుంది కనుక దాన్ని నిల్వ కోసం మళ్లీ నొక్కే కంప్రెసర్లకయ్యే విద్యుత్తు తగ్గుతుంది. సిలిండర్లలో తెచ్చిన శుద్ధమైన వాయువులతో మా పరీక్షలు బాగానే సాగాయి. బొగ్గు నుంచి వచ్చే అసలు గ్యాసులో మాత్రం పొరను పాడుచేసే హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది. అది సోకిన, పల్లాడియం పొర ఉన్న గొట్టాన్ని చేత్తో పట్టుకుని చూశాను: వెండిలా మెరిసిన పొర నల్లబడిపోయింది. పల్లాడియంలో రాగి కలిపిన మిశ్రమలోహం మెరుగ్గా తట్టుకుంటుంది, కానీ దాన్ని పరీక్షించే చోటే మాకు లేదు. ఎదురుచూసి విసిగి ఇద్దరు యువ పరిశోధకులు ఈ పనే వదిలేశారు. అది నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

నడుస్తున్న గ్యాసిఫయర్ (బొగ్గును గ్యాసుగా మార్చే యంత్రం) నుంచి ఒక చిన్న పైపులైను ఇప్పించి, 1000 గంటల పరీక్షకు అనుమతించండి. ఫలితం ఎలా ఉన్నా ప్రచురించండి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక మెంబ్రేన్ పరిశోధకుడు