ఆ ఆకురాళ్ళు తిరిగి తీసుకురండి

గత రెండు నెలల్లో రావులపాలెంలోని మా కొట్టులో చైను రంపం కోసం 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కొన్నవారందరికీ ఇది రాస్తున్నాను. ఆ సరుకు మెత్తటి ఉక్కు. రంపం పళ్ళ మీద నిలబడదు. పదును రాకపోవడానికి కారణం మీ చెయ్యి కాదు.

ఈ మాట నెల క్రితమే అనవలసింది. సఖినేటిపల్లి వైపు సరుగుడు తోటలు కోసే పెద్దాయన ఒకరు వచ్చి, "రెండోసారి పట్టేసరికే జారిపోతోంది" అన్నారు. "వెనక్కి లాగేటప్పుడు కూడా రుద్దుతున్నారేమో బాబాయిగారూ, ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి" అని ఆయనకు పాఠం చెప్పాను. నేను ఈ కొట్టు పెట్టకముందు నుంచీ రంపం పట్టిన మనిషి ఆయన. ఏమీ అనకుండా ఆకురాయి సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు.

తర్వాత మరో ముగ్గురు అదే చెప్పారు. ఆ రాత్రి కొట్టు మూశాక ఒక చైనును బల్లకు బిగించి, పాత సరుకులో మిగిలిన ఆకురాయి, కొత్తది, రెండూ పట్టి చూశాను. కింద తెల్లకాగితం పరిచాను. పాతది తోసిన ప్రతిసారీ కాగితం మీద సన్నటి ఇనుప రజను రాలింది. కొత్తది పది పన్నెండు పళ్ళ వరకు బాగానే నడిచింది, ఆ తర్వాత కీచుమని జారింది. రజను లేదు. దీపం కింద తిప్పి చూస్తే ఆకురాయి గరుకు మధ్యలో అద్దంలా అరిగిపోయి ఉంది. పంటి అంచున మొద్దుబారిన తెల్లటి మెరుపు మాత్రం అలాగే ఉంది.

తొమ్మిదేళ్ళుగా నాకు సరుకు పంపే వ్యాపారికి ఫోను చేశాను. మిగిలినవి అమ్మేయమన్నాడు, వచ్చే బిల్లులో తగ్గిస్తానన్నాడు. "ఇప్పుడు ఆకురాయి ఎవరు పడుతున్నారండీ, కరెంటు గ్రైండర్లు పంపిస్తాను, అవి అమ్ముకోండి" అని కూడా అన్నాడు. అబద్ధం చెప్పను, రెండు రోజులు ఆలోచించాను. మూడు పెట్టెల సరుకుకు డబ్బు ముందే కట్టి ఉన్నాను. గ్రైండరు మీద మిగిలేదీ ఎక్కువే. కానీ అలవాటు లేని చేతిలో ఆ చక్రం ఒక్క క్షణం ఎక్కువసేపు ఆనితే పన్ను నీలం తిరుగుతుంది, అక్కడ ఉక్కు గట్టిదనం పోతుంది. రాయికో మేకుకో తగిలి బాగా దెబ్బతిన్న చైనుకైతే సరే. తోటలో ఇసుక తగిలి పదును తగ్గిన చైనుకు ఆకురాయితో రెండు మూడు తోపులు చాలు. ఇన్నేళ్ళూ మీకు అదే చెప్పాను, అతని సరుకు చెడిందని ఇప్పుడు మాట మార్చను. ఆ వ్యాపారితో లావాదేవీ ఆపేశాను.

బిల్లు లేకపోయినా పరవాలేదు, ఆకురాయి తెస్తే డబ్బు తిరిగి ఇస్తాను. చైను కూడా తీసుకురండి. ఆకురాయి జారుతుంటే ఎవరైనా గట్టిగా ఒత్తుతారు, అలా ఒక పక్క పళ్ళు పొట్టివై కోత వంకరగా పోతుంది. అన్నిటికన్నా పొట్టి పన్ను కొలిచి, మిగతావాటిని దానికి సరిచేసి, పన్ను ఎంత లోతుకు కోయాలో ఆపే, పంటి ముందుండే బొడిపెను పంటి కన్నా 0.65 మిల్లీమీటర్లు కిందికి దించి ఇస్తాను. దీనికి డబ్బు తీసుకోను. రంపం చెక్కను పొడిగా కాకుండా పెచ్చులుగా రాల్చే వరకు చైను నా దగ్గరే ఉంటుంది.

కొత్త సరుకు వేరేచోటి నుంచి వస్తోంది. ప్రతి పెట్టెలో ఒకటి చైను మీద అరగదీసి చూశాకే అమ్ముతాను. కొనేముందు బార్ (చైను తిరిగే పట్టీ) మీద రాసి ఉన్న పిచ్, అంటే చైను లంకెల కొలత, చూసుకుని రండి: 0.325 అంగుళాల చైనుకే 4.8, చిన్న మిషన్లకు వచ్చే సన్నరకం 3/8 అంగుళాల చైనుకు 4 మిల్లీమీటర్లది కావాలి.

ఈ ఆదివారం కొట్టు తెరవను. మంచి ఆకురాయి ఒకటి తీసుకుని సఖినేటిపల్లి వెళ్తున్నాను.