ఆటోఫోకస్ పోయిందా? లెన్స్ రిపేరుకు ఇచ్చే ముందు

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో పెళ్ళి ఫొటోలు తీసి బతికే తెలుగు కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. చలికాలం వస్తే పులికాట్‌కో నేలపట్టుకో పక్షుల కోసం వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. కానన్, నికాన్ రెండూ 2018లో పెద్ద సెన్సార్ ఉన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు తెచ్చిన దగ్గర్నుంచి పాత డీఎస్ఎల్ఆర్‌లు (అద్దం ఉన్నవి) చేతులు మారుతున్నాయి. కొన్నవాళ్ళకు మాన్యువల్ పుస్తకం రాదు, పాత యజమాని మార్చిపెట్టిన సెట్టింగులు మాత్రం వస్తాయి. ఫోకస్ పడకపోతే కొట్టుకు తీసుకెళ్తారు. "మోటార్ పోయింది" అని ఒక్క మాట వినిపిస్తుంది. కెమెరాతో పాటే వచ్చే 18-55 కిట్ లెన్స్‌కు మోటార్ మార్పించే డబ్బుతో తరచు అదే లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. అసలు మోటార్ పోయిందో లేదో ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఉంది కాబట్టి, అది మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం.

మొదట ఒక్క విషయం గమనించాలి. షటర్ బటన్ సగం నొక్కినప్పుడు, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ అడుగున పచ్చ చుక్క ఏం చేస్తోంది? నికాన్‌లో అది ఎడమవైపు ఉంటుంది, కానన్‌లో కుడివైపు. చుక్క మిణుకుమిణుకుమంటోందంటే కెమెరాకు ఫోకస్ దొరకలేదు. చుక్క నిలకడగా వెలిగి, ఫొటో మాత్రం మసకగా వచ్చిందంటే ఫోకస్ దొరికింది కానీ మీరు అనుకున్న చోట పడలేదు, లేదా చెయ్యి కదిలింది. చుక్కే రాలేదు, లెన్స్ కూడా కదల్లేదంటే అది మూడో సంగతి. ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. అన్నిటినీ కలిపి "ఆటోఫోకస్ పోయింది" అనడం వల్లే అనవసరపు ఖర్చు. ఒక జాగ్రత్త: కానన్‌లో ఏఐ సర్వో మోడ్‌లో (కదిలేవాటిని వెంటాడే మోడ్) ఉంటే ఫోకస్ కుదిరినా ఆ చుక్క వెలగదు, బీప్ రాదు. అందుకే పరీక్ష ఎప్పుడూ ఒక్కసారి ఫోకస్ పట్టి ఆగే మోడ్‌లో, అంటే కానన్‌లో వన్ షాట్‌లో, నికాన్‌లో ఏఎఫ్-ఎస్‌లో పెట్టి చేయాలి.

లెన్స్ అసలు కదలకపోతే ముందు స్విచ్చులు చూడండి. లెన్స్ పక్కన ఏఎఫ్-ఎంఎఫ్ (ఆటో-మాన్యువల్ ఫోకస్) మీట బ్యాగులో రాసుకుని జరిగిపోవడం మామూలే. నికాన్ డి90, డి7000 వరస, డి750 లాంటి బాడీల్లో (లెన్స్ కాక మిగిలిన కెమెరా) లెన్స్ బిగించే మౌంట్ పక్కన ఇంకో స్విచ్ ఉంటుంది, అదీ చూడాలి. నికాన్ ఏఎఫ్-పీ 18-55 డీఎక్స్ లెన్స్‌కు స్విచ్చే ఉండదు, ఆ మార్పు బాడీ మెనూలో జరుగుతుంది.

స్విచ్చులు సరిగ్గా ఉన్నా కదలకపోతే బటన్ల సెట్టింగ్ చూడాలి. ఫోకస్‌ను షటర్ బటన్ మీంచి తీసి వెనక బటన్‌కు మార్చుకోవడం చాలామంది ఫొటోగ్రాఫర్లకు అలవాటు. కానన్‌లో కస్టమ్ ఫంక్షన్లలో షటర్/ఏఈ లాక్ బటన్ అనే వరస, నికాన్‌లో ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌కు ఏఎఫ్-ఆన్ అప్పగించడం దీనికి దారులు. అలా మార్చిన కెమెరాను కొన్నవాళ్ళు షటర్ ఎంత నొక్కినా లెన్స్ కదలదు. సెకండ్‌హ్యాండ్ కెమెరా ఇంటికి రాగానే షూటింగ్ మెనూ, కస్టమ్ సెట్టింగులు రెండూ రీసెట్ చేయడం మంచిది. అయిదు నిమిషాల పని.

తర్వాత బాడీ, లెన్స్ జోడీ. నికాన్ డి3500, డి5600 లాంటి బాడీల లోపల ఫోకస్ మోటార్ లేదు. వీటికి లోపల మోటార్ లేని 50ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్ బిగిస్తే జన్మలో ఆటోఫోకస్ రాదు, చెడిపోయి కాదు. అదే 50ఎంఎం ఎఫ్/1.8జీ ఏఎఫ్-ఎస్ రకం (ఇక్కడ అది మోడ్ కాదు, లెన్స్ రకం పేరు), మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది. ఇటు తిప్పితే, కొత్త ఏఎఫ్-పీ లెన్సులు డి90, డి3100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయవు. "లెన్స్ బాగుంది, బాడీ బాగుంది, రెండూ కలిస్తే పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే జవాబు. పాత లెన్స్ చవగ్గా వస్తోందని కొనేముందు దాని పేరులో ఏఎఫ్-ఎస్ ఉందా, వట్టి ఏఎఫ్ ఉండి చివర డి ఉందా అని చదువుకుంటే చాలు. కానన్ ఎస్‌టీఎం లెన్సుల మీద ఇంకో అపోహ ఉంది. కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫోకస్ రింగ్ తిప్పితే లోపల ఏమీ కదలదు. ఆ లెన్సుల్లో రింగ్ తిప్పినా అద్దాలను కదిలించేది కరెంటే, కాబట్టి అది లోపం కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే మౌంట్ దగ్గరి పసుపు పిన్నులు. చెన్నై ఉప్పుగాలి, చెమట చేతులు కలిసి వాటి మీద కంటికి కనిపించని పొర కడతాయి. కానన్‌లో ఎర్ర్ 01 అని వచ్చినా, నికాన్‌లో ఎఫ్ పక్కన రెండు గీతలు కనిపించినా బాడీకి, లెన్స్‌కి మాట కలవడం లేదని అర్థం. కెమెరా ఆఫ్ చేసి, లెన్స్ తీసి, నూలు రాలని పొడి గుడ్డతో రెండువైపులా పిన్నులు తుడవండి. పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క గుడ్డకు తడిపి తుడవాలి, పిన్నుల మీద పోయకూడదు. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని చెప్పే సలహా వినవద్దు. బంగారు పూత గీసుకుపోతుంది, రబ్బరు పొడి మిర్రర్ బాక్సులోకి (లోపల అద్దం ఉండే గూడు) రాలుతుంది.

ఇక చుక్క మిణుకుమంటూ, లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ పోయే సంగతి. దీనిలో ఎక్కువ భాగం వెలుతురు, దూరం, ఎంచుకున్న చోటు. 18-55 లెన్సులు సుమారు 25 సెంటీమీటర్ల కంటే దగ్గరైతే ఫోకస్ కావు. కానన్ 50ఎంఎం ఎస్‌టీఎంకు 35, నికాన్ 50ఎంఎం జీకి 45 సెంటీమీటర్లు కావాలి. ఉంగరం, తాళిబొట్టు దగ్గరగా తీయబోయి "ఫోకస్ కొట్టడం లేదు" అనేవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసి చూడాలి. 70-200 లాంటి లెన్సుల మీద దూరాన్ని పరిమితం చేసే స్విచ్ 2.5 మీటర్ల దగ్గర ఉంటే, అంతకంటే దగ్గరివి దొరకవు.

ఈ కెమెరాల్లో ఫోకస్ బిందువులన్నీ ఒక్క బలంతో ఉండవు. కానన్ 1500డిలో తొమ్మిదింటిలో, నికాన్ డి3500లో పదకొండింటిలో నడిమిది ఒక్కటే క్రాస్ టైపు. అంటే నిలువు గీతల్నీ అడ్డ గీతల్నీ కూడా పట్టుకోగలదు. పక్క బిందువులు ఒక దిక్కు గీతల్నే చూస్తాయి. మండపంలో వెలుతురు తగ్గినప్పుడు పక్క బిందువు పెట్టి పెళ్ళికూతురి చీర సాదా భాగం మీద గురిపెడితే కెమెరా పాపం ఏం పట్టుకుంటుంది? అదే నడిమి బిందువుతో జరీ అంచు మీదో, కంటి రెప్ప మీదో పెట్టండి, వెంటనే ఆగుతుంది. అంచు మీద కూడా తడబడితే కెమెరాను కొద్దిగా ఏటవాలుగా తిప్పి ఫోకస్ పట్టి, మళ్ళీ నిటారుగా తెచ్చుకోండి. ఆటో ఏరియాలో వదిలేస్తే కెమెరా దగ్గరగా ఉన్నదాన్నే ఎంచుకుంటుంది. వధూవరుల బదులు ముందున్న అరటి గెల మీద ఫోకస్ పడటానికి కారణం అదే. ఒక్క బిందువు మీరే ఎంచుకోవాలి.

లెన్స్ ముందు బిగించే ఫిల్టర్లూ చూడాలి. పాత లీనియర్ పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) డీఎస్ఎల్ఆర్ అద్దంతో పొసగదు, ఫోకస్ తప్పుతుంది. సర్క్యులర్ రకమే కావాలి. ఎఫ్/5.6 లెన్స్‌కు 1.4 టెలికన్వర్టర్ (దూరంవాటిని ఇంకా పెద్దగా చూపే అదనపు అద్దం) పెడితే అది ఎఫ్/8 అవుతుంది, వెలుతురు తగ్గి చాలా బాడీలు అక్కడ చేతులెత్తేస్తాయి. ఏసీ కారులోంచి మెరీనా గాలిలోకి దిగగానే లెన్స్ మీద పట్టే ఆవిరీ ఇంతే. బ్యాగు జిప్పు తెరవకుండా అరగంట బయటి వేడికి అలవాటు పడనిస్తే ఆ బాధ ఉండదు. తుడవడం మొదలుపెడితే మళ్ళీ పడుతూనే ఉంటుంది.

అసలు చిక్కు ఇది: చుక్క వెలిగింది, ఫొటో మసక. ముందు ఫొటోను వంద శాతానికి పెద్దది చేసి చూడండి. ఫొటోలో ఎక్కడో ఒకచోట, ముందో వెనకో, ఏదైనా స్పష్టంగా ఉందా? ఉంటే ఫోకస్ జరిగిన చోటు తప్పు. ఎక్కడా లేకుండా అంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే అది చెయ్యి వణుకు. 200ఎంఎం దగ్గర చిన్న సెన్సార్ కెమెరాతో (1500డి, డి3500 లాంటివి) కనీసం 1/320 సెకను కావాలి. ఎగిరే పక్షికి 1/2000 పెట్టి, నికాన్‌లో ఏఎఫ్-సీ, కానన్‌లో ఏఐ సర్వోలో తీయాలి. పులికాట్ నీళ్ళ మీద ఎండెక్కాక లేచే వేడిగాలి అలల్లోంచి తీసిన రాజహంసల ఫొటోలు మాత్రం ఏ సెట్టింగ్‌తోనూ బాగుపడవు. పొద్దున్నే వెళ్ళడమే మార్గం.

లోతు లెక్క కూడా తెలియాలి. 50ఎంఎం లెన్స్, ఎఫ్/1.8, చిన్న సెన్సార్, మనిషి మీటరు దూరంలో ఉంటే స్పష్టంగా వచ్చే మందం సుమారు రెండున్నర సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా, చెవి మసకగా రావడం లెన్స్ గుణమే కానీ లోపం కాదు. నడిమి బిందువుతో కన్ను మీద ఫోకస్ పట్టి కెమెరాను పక్కకు తిప్పితే ఆ కాస్త మందంలోంచి కన్ను జారిపోతుంది. వ్యూఫైండర్‌లో అంతా మసకగా ఉండి ఫొటో బాగా వస్తే మన చూపుకు తగ్గట్టు వ్యూఫైండర్‌ను సరిచేసే డయాప్టర్ చక్రం తిరిగిపోయిందని గుర్తు.

ఇవేవీ కాకపోతే, ఫోకస్ నిజంగానే గురిపెట్టిన చోటికి ముందో వెనకో పడుతోందన్నమాట. దీనికి కారణం అద్దాల అమరికలో ఉంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురు పెద్ద అద్దం మీద పడి వ్యూఫైండర్‌లోకి పోతుంది. అద్దం నడిమి భాగం కొంత వెలుతురును వదులుతుంది. వెనకనున్న చిన్న అద్దం దాన్ని కెమెరా అడుగున ఉన్న ఏఎఫ్ సెన్సార్ మీదికి మళ్ళిస్తుంది. ఫొటో పడేది మాత్రం ఇంకో సెన్సార్ మీద. ఈ రెండు దారుల పొడవూ సరిగ్గా సమానంగా ఉంటేనే చుక్క చెప్పింది నిజమవుతుంది. కెమెరా కింద పడి చిన్న అద్దం వెంట్రుక వాసి పక్కకు జరిగినా లెక్క తప్పుతుంది. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడు, అద్దం లేచిపోతుంది, ఫొటో పడే సెన్సారే ఫోకస్ చూసుకుంటుంది. కాబట్టి రెంటినీ పోల్చడమే అసలు పరీక్ష.

మీ పత్రికే ఒక పేజీ గోడకు నిటారుగా అంటించండి. ఫోకల్ లెంగ్త్‌కు యాభై రెట్ల దూరంలో, అంటే 50ఎంఎం అయితే రెండున్నర మీటర్ల దగ్గర, ట్రైపాడ్ మీద కెమెరాను పేజీకి సరిగ్గా ఎదురుగా పెట్టండి. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, వణుకు తగ్గించే ఇమేజ్ స్టెబిలైజేషన్ ఆపి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, నడిమి బిందువుతో వ్యూఫైండర్‌లోంచి ఆరు ఫొటోలు తీయండి. ప్రతిసారీ ముందుగా ఫోకస్ పూర్తిగా చెదరగొట్టాలి, మూడుసార్లు దగ్గర వైపు, మూడుసార్లు దూరం వైపు. తర్వాత లైవ్ వ్యూలో అలాగే మూడు. కానన్‌లో క్విక్ మోడ్ అనేది లైవ్ వ్యూలో కూడా పాత దారినే వాడుతుంది, దాన్ని ఎంచుకోవద్దు.

రెండు గుంపులూ ఒకేలా ఉంటే మీ కెమెరాలో లోపం లేదు. లైవ్ వ్యూవి స్పష్టంగా, వ్యూఫైండర్‌వి ఆరూ మసకగా వస్తే అమరిక తప్పింది. వ్యూఫైండర్‌వి ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అయితే దాన్ని సెట్టింగుతో సరిచేయలేరు. ముందు బ్లోయర్ బల్బుతో మిర్రర్ బాక్సు అడుగున గాలి కొట్టి, కెమెరా ముఖం కిందికి ఉంచి దుమ్ము రాలనివ్వాలి. డబ్బా గాలి వాడొద్దు, అద్దాన్ని వేలితో తాకొద్దు. పేజీ పక్కన స్కేలును 45 డిగ్రీల వాలుగా పెడితే ఫోకస్ ముందు పడుతోందో వెనక పడుతోందో తెలుస్తుంది.

ఈ అమరిక తప్పును కెమెరా మెనూలోనే సరిచేసుకునే వీలు కొన్నిటికి ఉంది: కానన్ 70డి, 80డి, 7డి, 6డి వరసలకు, 5డి మార్క్ 2 నుంచి మైక్రో అడ్జస్ట్‌మెంట్, నికాన్ డి7000 వరస, డి500, డి750, డి850లకు ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉన్నాయి. రెంటిలోనూ మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా. ఫోకస్ ముందు పడుతుంటే ప్లస్ వైపు, వెనక పడుతుంటే మైనస్ వైపు అయిదేసి అంకెలు మార్చి మళ్ళీ తీయండి. 20 పెట్టినా చాలకపోతే సర్వీస్‌కు వెళ్ళాల్సిందే. 1500డి, డి3500, డి5600 లాంటి వాటిలో ఈ సౌకర్యం లేదు. సిగ్మా యూఎస్‌బీ డాక్, టామ్రాన్ ట్యాప్-ఇన్ కన్సోల్‌తో ఆ కంపెనీల కొన్ని కొత్త లెన్సుల్ని లెన్స్‌లోనే సరిచేయొచ్చు.

చివరి తేడా తెలుసుకోవడానికి ఇంకో లెన్స్, ఇంకో బాడీ అరువు తెచ్చుకోండి. లెన్స్ రెండు బాడీల మీదా కదలకపోయినా, పళ్ళ చక్రం జారుతున్నట్టు టకటకమన్నా తప్పు లెన్స్‌లోనే ఉంది. బాగున్న లెన్సులన్నీ ఒక బాడీ మీద ఒకేవైపు తప్పితే తప్పు బాడీది, అప్పుడు లెన్స్ మోటార్ మార్పించడం డబ్బు నీళ్ళలో పోయడమే.

రిపేరుకు ఇచ్చేటప్పుడు ఆ తొమ్మిది ఫొటోలు కార్డులో వేసి ఇవ్వండి. లోపం ఏమిటో, ఏ భాగం మారుస్తారో, ఎంత అవుతుందో జాబ్ షీట్ మీద రాయించుకోండి. మార్చిన పాత భాగం తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి. "కాలిబ్రేషన్ చేశాం" అంటే ఏ లెన్స్‌తో చేశారో అడిగి, కౌంటర్ దగ్గరే మళ్ళీ అదే పేపర్ పరీక్ష చేసి డబ్బు కట్టండి. బిల్లు ఇవ్వనంటే, చేయని పనికి డబ్బు తీసుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదుకు ఆ జాబ్ షీటే ఆధారం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టి.నగర్, చెన్నై