బీటిల్స్ ఎదుగుదల టేపుల్లోనే ఉంది

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా పత్రికల్లో వాళ్ల జుట్టు తీరు, అభిమానుల కేకలు, చివర్లో వచ్చిన తగవులు, వీటికే చోటు దక్కుతోంది. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్‌తో మొదలైన నలుగురు కుర్రాళ్లు నాలుగేళ్లలో సంగీతాన్నే ఎలా మార్చుకున్నారన్నది పక్కకు పోతోంది. ఆ మార్పులో ఎక్కువ భాగం జరిగింది లండన్ ఆబీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో, నిర్మాత జార్జ్ మార్టిన్ సమక్షంలో.

జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రులు గంటల తరబడి వాయించిన అలవాటే 1963 ఫిబ్రవరి 11న అక్కరకొచ్చింది. ఆ ఒక్కరోజులో మొదటి ఆల్బమ్ కోసం పది పాటలు రికార్డు చేశారు. అప్పటి టేపుకు రెండే ట్రాకులు (విడివిడిగా ధ్వని నింపే వరుసలు): ఒకదాంట్లో గొంతులు, ఇంకోదాంట్లో వాద్యాలు. తర్వాత మోనోలో, అంటే అన్నీ ఒకే ధారగా కలిపేటప్పుడు, పాళ్లు సరిచూసుకోవడానికే ఆ ఏర్పాటు. అందుకే ఆ పాటల పాత స్టీరియో మిక్సుల్లో (ధ్వనులను రెండు చెవులకూ పంచి కలిపిన రూపాల్లో) ఒక చెవిలో వాద్యాలు, రెండో చెవిలో పాట వినిపిస్తాయి. ఇయర్‌ఫోన్ ఒకవైపు పనిచేయకపోతే గాయకుడే దాదాపు మాయమవుతాడు. అది రికార్డింగ్ లోపం కాదు. ఫోన్ సెట్టింగుల్లోని యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేసుకుంటే మొదటి రెండు ఆల్బమ్‌లు చాలావరకు కుదురుకుంటాయి. తర్వాతి ఆల్బమ్‌లకు ఈ చిట్కా చాలదు. వాటిలో చాలావాటికి మోనో మిక్సు వేరే చేశారు. 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్‌లో 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' పాట మోనోలో వేగంగా, ఎక్కువ శ్రుతిలో ఉంటుంది. ఆ మోనో మిక్సులన్నీ 2009లో సీడీలుగా వచ్చాయి.

1963 అక్టోబరులో నాలుగు ట్రాకుల టేపు చేతికొచ్చింది. నాలుగూ నిండితే వాటిని కలిపి మరో టేపు మీద ఒకటో రెండో ట్రాకుల్లోకి ఎక్కించి, మిగిలిన ఖాళీలో కొత్త వాద్యాలు నింపేవారు. ఇందులో రెండు చిక్కులున్నాయి. కలిపేశాక డ్రమ్స్ ఎక్కువయ్యాయనిపించినా విడిగా తగ్గించడం కుదరదు. పైగా అదే స్థాయిలో కాపీ తీస్తే టేపు హోరు సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకే ఏ వాద్యం ఎక్కడ రావాలో, ఎంత వినిపించాలో ముందే తేల్చుకోవాలి. ఆ పాటల్లో అనవసరమైన సొద తక్కువగా ఉండటానికి ఈ ఇరుకే పెద్ద కారణమని నా నమ్మకం.

అసలు మలుపు అందరూ చెప్పే 'సార్జెంట్ పెప్పర్స్' కాదు, 1966 నాటి 'రివాల్వర్'. ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ బేస్ డ్రమ్ లోపల ఉన్ని స్వెటర్ కుక్కి, స్టూడియో నిబంధనలు ఒప్పుకోనంత దగ్గరగా మైకు పెట్టాడు. స్వెటర్ వల్ల మోగుడు ఆగింది, దెబ్బ మాత్రం మిగిలింది. 'టుమారో నెవర్ నోస్' కోసం జాన్ లెనన్ గొంతును హామండ్ ఆర్గన్‌కు వాడే తిరిగే స్పీకర్ గుండా పంపారు. టేపు ముక్కల కొసలు అతికించి చేసిన అయిదు లూపులను వేర్వేరు యంత్రాల మీద ఒకేసారి తిప్పారు. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపు మీద మూడు సెకన్ల లూపుకు 45 అంగుళాలు కావాలి. అది సడలితే శ్రుతి ఊగుతుంది. కాబట్టి యంత్రం బయట వేలాడే భాగాన్ని పెన్సిళ్లతో బిగువుగా పట్టుకుని నిలబడ్డారు. మిక్సు చేసేటప్పుడే ఫేడర్లు (ధ్వని పెంచే, తగ్గించే మీటలు) పైకీ కిందికీ జరుపుతూ లూపులను పాటలోకి తెచ్చారు. ఆ మిక్సును మళ్లీ అచ్చంగా చేయడం ఎవరి తరమూ కాదు.

లెనన్‌కు గొంతు నిండుగా వినిపించడానికి ఒకే చరణాన్ని రెండుసార్లు పాడి జోడించడం విసుగు. దానికోసం స్టూడియో ఇంజినీరు కెన్ టౌన్‌సెండ్ రెండో టేపు యంత్రంతో గొంతుకు కాపీ తీసి, సెకనులో కొన్ని వందోవంతుల తేడాతో కలిపే పద్ధతి కనిపెట్టాడు.

1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో టికెట్ పెట్టిన చివరి కచేరీ ఇచ్చారు. ఆ నెలలోనే విడుదలైన 'రివాల్వర్' నుంచి ఆ పర్యటనలో ఒక్క పాటా వాయించలేదు.

'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' పాటను నిమిషం దగ్గర జాగ్రత్తగా వినండి. అక్కడ ఏడో టేకు (ఏడోసారి చేసిన రికార్డింగు), ఇరవయ్యారో టేకు అతుకుతాయి. రెండింటి శ్రుతీ వేరు, వేగమూ వేరు. టేపు నెమ్మదిస్తే శ్రుతి, వేగం కలిసే దిగుతాయి. వేగమైన టేకే ఎక్కువ శ్రుతిలో ఉండటం అదృష్టం. దాన్ని తగ్గించి, మొదటిదాన్ని కాస్త పెంచేసరికి రెండూ కలిశాయి. అతుకు దాటాక లెనన్ గొంతు బరువెక్కేది నెమ్మదించిన టేపు వల్లే.

1967లో 'ఎ డే ఇన్ ది లైఫ్'కు 40 మంది ఆర్కెస్ట్రా కోసం నాలుగు ట్రాకుల యంత్రాలు రెంటిని ఒకే వేగంతో నడిచేలా 50 హెర్ట్జ్ సంకేతంతో జత చేశారు. అవి ఒకేసారి మొదలయ్యేలా చూడటమే పెద్ద తంటా అయింది. 1968కి ఎనిమిది ట్రాకులు వచ్చాయి. మరుసటి ఏడాది 'ఆబీ రోడ్' ఆల్బమ్‌కు వాల్వుల (గాజు గొట్టాల) మిక్సర్ బదులు ట్రాన్సిస్టర్ల మిక్సర్ వాడారు. ఆ ఆల్బమ్ నాదం మెత్తగా ఉండటానికి అదొక కారణం.

పాత ఆల్బమ్ గురించి రాసేటప్పుడు అది మోనోనా, స్టీరియోనా, ఏ ఏడాది మిక్సు అన్నది దయచేసి ఒక వాక్యంలో తెలపండి. 'రివాల్వర్'కే 1966 నాటి రెండు మిక్సులతో పాటు 2022లో ఇంకొకటి వచ్చింది. 1966 స్టీరియోలో, 2022 మిక్సులో డ్రమ్స్ ఉండే చోటు వేరు.

ఇట్లు,
ఒక రికార్డింగ్ ఇంజినీరు